అన్నం మానాలా, తగ్గించాలా?

కొబ్బరి చెట్ల ఊరు కాదు పాన్‌గల్. వనపర్తి జిల్లాలో, గుట్ట మీద పాత ఖిల్లా ఉన్న ఈ మండల కేంద్రం చుట్టుపక్కల యాసంగి పంటంటే పల్లి. ఇక్కడి వంటింట్లో నూనె అంటే పల్లినూనె. కొబ్బరినూనె తలకు రాసుకునేది. అలాంటి పల్లెలకు కూడా 2017-18 నాటికి ఒక మాట ఫోన్లలోంచి చేరింది: రోజుకు 70 గ్రాముల కొబ్బరినూనె తాగి, అన్నం మానేస్తే షుగర్ పోతుందట!

ఆ మాట అన్నది వీరమాచనేని రామకృష్ణ. ఆయన డాక్టరు కాదు. తన బరువు తగ్గించుకున్న పద్ధతిని సభల్లో, యూట్యూబ్‌లో గంటల తరబడి వివరించి, తెలుగు రాష్ట్రాల్లో ఒక ఊపు ఊపారు. ఆయన చెప్పిన 'నాలుగు పిల్లర్లు' చాలామందికి కంఠస్థమే: 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు, మల్టీవిటమిన్ మాత్రలు. మొదట ద్రవాహారం, ఆ తర్వాత ఘనాహారం. బియ్యం, గోధుమ, జొన్న, చక్కెర, పండ్లు దగ్గరికి రానివ్వకూడదు. టీవీ చర్చల్లో డాక్టర్లు ఆయనతో వాదానికి దిగారు. ఆయన అనుచరులు తమ రక్తపరీక్షల కాగితాలు చూపించారు. అరుపులు ఎక్కువై అసలు విషయం మరుగున పడింది. ఇంగ్లీషు పేపర్లు 'కీటో' అని రాసే ఆహారపద్ధతి తెలుగు పల్లెకు తెలిసింది ఈ రూపంలోనే.

ఆ ఊపు ఇప్పుడు తగ్గింది. షుగర్ తగ్గలేదు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ ఇండియాబ్ అధ్యయనం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని లెక్కతేల్చింది. మరో 13.6 కోట్ల మంది దాని గడప దగ్గరున్నారు. అందుకే కీటో మంచిదా చెడ్డదా అన్న ప్రశ్న ఏదో ఒక పేరుతో మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటుంది.

ఒంట్లో జరిగేదేమిటి?

మనం తినే అన్నం, రొట్టె, చక్కెర చివరకు గ్లూకోజుగా మారతాయి. వీటిలోని పిండిపదార్థాన్ని రోజుకు 50 గ్రాముల లోపుకు, కొందరిలో 20 గ్రాములకు దించేస్తే కాలేయం కొవ్వును కరిగించి కీటోన్లను తయారుచేస్తుంది. మెదడుకు రోజుకు సుమారు 120 గ్రాముల గ్లూకోజు కావాలి. కీటోన్లకు అలవాటు పడ్డాక తన అవసరంలో సగానికి పైగా వాటితోనే సరిపెట్టుకుంటుంది. 50 గ్రాములంటే ఎంతో తెలియాలంటే జొన్నపిండిని చూడండి. వంద గ్రాముల పిండిలో దాదాపు 68 గ్రాములు పిండిపదార్థమే. ఒక్క పూట రెండు పెద్ద రొట్టెలతో రోజు కోటా దాటిపోతుంది.

ఇది కొత్తగా కనిపెట్టిన విద్య కాదు. ఉపవాసంలో, కరువులో శరీరం చేసుకునే ఏర్పాటే. గొర్రెల మందలున్న పాలమూరులో, అంటే ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో, పశువైద్యులు దీన్ని మరో రూపంలో చూస్తుంటారు. కడుపులో రెండు పిల్లలున్న గొర్రెకు ఈనే ముందు మేత చాలకపోతే దాని రక్తంలో కీటోన్లు పేరుకుంటాయి. మందలో వెనకబడుతుంది, తూలుతుంది, పడిపోతుంది. కీటోన్లు పరిమితిలో ఉంటే ప్రాణం నిలుపుతాయి, మితిమీరితే తీస్తాయి. ఆ పరిమితిని కాపాడేది ఇన్సులిన్. ఇన్సులిన్ అసలే లేని మనిషి, అంటే టైప్-1 షుగర్ ఉన్న పిల్లవాడు, సూది మానేసి కీటో మొదలుపెడితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

మూర్ఛకు పుట్టిన వైద్యం

కీటో బరువు తగ్గడానికి పుట్టలేదు. మూర్ఛ రోగులకు ఉపవాసం ఉంటే ఫిట్స్ తగ్గుతాయని పాతకాలం నుంచీ తెలుసు. కానీ ఎన్నాళ్లని ఉపవాసం ఉంచుతారు? తింటూనే ఉపవాస స్థితిలో ఉంచే దారిని 1921లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యుడు రస్సెల్ వైల్డర్ ప్రతిపాదించారు. కీటోజెనిక్ ఆహారం అన్న పేరు ఆయన పెట్టిందే. కొవ్వు నాలుగు పాళ్లయితే పిండిపదార్థం, మాంసకృత్తులు రెండూ కలిపి ఒక పాలు. 1938లో ఫెనిటాయిన్ మాత్ర వచ్చాక, మాత్ర మింగడం తేలిక కాబట్టి ఈ వంట మూలన పడింది. హాలీవుడ్ దర్శకుడు జిమ్ అబ్రహామ్స్ కొడుకు చార్లీకి మందులకు లొంగని ఫిట్స్ ఈ ఆహారంతో అదుపులోకి రావడంతో మళ్లీ వెలుగు చూసింది. 1994లో కొడుకు పేరుతో ఆయన ఒక ఫౌండేషన్ పెట్టారు. 1997లో మెరిల్ స్ట్రీప్‌తో ఇదే విషయం మీద సినిమా కూడా తీశారు.

తర్వాత పక్కా పరీక్షలు జరిగాయి. 2008లో లండన్‌లో 145 మంది పిల్లల మీద చేసిన ప్రయోగంలో, కీటో తీసుకున్నవారిలో 38 శాతం మందికి ఫిట్స్ సగానికి పైగా తగ్గాయి. తీసుకోనివారిలో 6 శాతం మందికే తగ్గాయి. మన ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లు ఇంత కఠినంగా కాక, కాస్త సడలించిన పద్ధతిని 102 మంది పిల్లల మీద పరీక్షించి 2013లో ఫలితాలు ప్రకటించారు. మూడు నెలల్లో 52 శాతం మందికి ఫిట్స్ సగానికి తగ్గాయి, మామూలు తిండి తిన్నవారిలో 11.5 శాతం మందికి. మందులు పనిచేయని పిల్లలున్న తల్లిదండ్రులకు ఇవి చిన్న అంకెలు కావు. పాలమూరులో ఇప్పటికీ ఫిట్స్ వస్తే చేతిలో తాళంచెవి పెట్టేవాళ్లున్నారు. వాళ్లకు చేరాల్సిన కీటో కబురు ఇదీ. అది చేరలేదు, నూనె తాగే కబురు చేరింది.

ఆ పిల్లలకు తిండి ఎలా పెడతారో కూడా తెలుసుకోవాలి. గ్రాముల లెక్కన తూచి పెడతారు. డైటీషియన్ ఉంటారు, రక్తం, మూత్రం ఎప్పటికప్పుడు పరీక్షిస్తారు, విటమిన్లు, కాల్షియం ఇస్తారు. ఇంత చేసినా సుమారు నూటికి ఆరుగురు పిల్లల్లో మూత్రపిండాల్లో రాళ్లు వస్తాయి. మలబద్ధకం మామూలే. ఎదుగుదల మందగించే ప్రమాదమూ ఉంది. అంటే ఇది మోతాదు, దుష్ఫలితాలు, పర్యవేక్షణ అన్నీ ఉన్న మందు. నా అభిప్రాయంలో మొత్తం గొడవకు మూలం, ఒక మందును వంటగా చెప్పడమే.

బరువు, షుగర్: నిజంగా తగ్గుతాయా?

తగ్గుతాయి. ఈ మాట చెప్పడానికి డాక్టర్లు జంకనక్కర్లేదు. పిండి తగ్గితే తిన్న తర్వాత షుగర్ ఎగబాకదు. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు దిగుతాయి. కొవ్వు, మాంసకృత్తులు ఎక్కువ కావడంతో ఆకలి కూడా తగ్గుతుంది. మొదటి వారంలోనే మూడు నాలుగు కిలోలు పోయాయని మురిసిపోయేవారు మాత్రం ఒక సంగతి గమనించాలి. కాలేయం, కండరాల్లో దాచుకున్న ప్రతి గ్రాము పిండినిల్వకూ మూడు గ్రాముల దాకా నీళ్లు అంటిపెట్టుకుని ఉంటాయి. మొదట పోయేది చాలావరకు ఆ నీళ్లే.

ఏడాది గడిచాక లెక్క మారుతుంది. కఠిన కీటోను తక్కువ కొవ్వు తిండితో పోల్చిన 13 ప్రయోగాలను 2013లో కలిపి చూస్తే, కీటోలో అదనంగా తగ్గింది కిలో కూడా లేదు. 0.91 కిలో. 2018లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు 609 మందిని రెండు జట్లు చేస్తే, పిండి తగ్గించినవారు ఏడాదిలో 6 కిలోలు, కొవ్వు తగ్గించినవారు 5.3 కిలోలు తగ్గారు. చెప్పుకోదగ్గ తేడా లేదని వాళ్లే తేల్చారు. ఏ పద్ధతైనా పట్టుకుని ఉన్నవాడు తగ్గాడు, వదిలేసినవాడు పెరిగాడు.

షుగర్ విషయంలో కీటోకు గట్టి సాక్ష్యం అమెరికాలోని వర్టా సంస్థ 2018లో ప్రచురించిన ఫలితాలు. ఏడాదిలో మూడు నెలల సగటు షుగర్ 7.6 నుంచి 6.3కు దిగింది. ఇన్సులిన్ వాడుతున్నవారిలో 94 శాతం మంది మోతాదు తగ్గించుకోవడమో, మానేయడమో జరిగింది. గొప్ప ఫలితమే. కానీ వాళ్లు లాటరీ తీసి రెండు జట్లు చేయలేదు. ఇష్టపడి వచ్చినవారికే ఆ ఆహారం ఇచ్చారు. ప్రతి రోగి అంకెలూ ఫోన్‌లో చూస్తూ, మందు తగ్గించాల్సిన రోజున తగ్గించే వైద్యబృందం వెనక ఉంది. మన దగ్గర ఆ బృందం స్థానంలో వీడియో ఉంది. వీడియో మాట్లాడుతుంది, మన మాట వినదు.

దీని పక్కన బ్రిటన్‌లో జరిగిన 'డైరెక్ట్' ప్రయోగాన్ని పెట్టి చూడాలి. అక్కడ షుగర్ రోగులకు కొన్ని నెలలపాటు రోజుకు 850 క్యాలరీల లోపు సూపులు, షేకులు మాత్రమే ఇచ్చారు. ఏడాది తర్వాత 46 శాతం మంది మందుల్లేకుండానే షుగర్ నుంచి బయటపడ్డారు. 15 కిలోలు, అంతకు మించి తగ్గినవారిలో 86 శాతం మంది! తమాషా ఏమిటంటే, ఆ సూపుల్లో క్యాలరీల్లో సగానికి పైగా పిండిపదార్థం నుంచి వచ్చేవే. అంటే షుగర్ వెనక్కి వెళ్లడానికి కీటోన్లే రానక్కర్లేదు. కాలేయంలో, క్లోమంలో పేరుకున్న కొవ్వు కరగాలి, దానికి బరువు దిగాలి. మన ద్రవాహారం తాగినవారికి కలిగిన మేలులోనూ కొబ్బరినూనె వాటా కన్నా, మిగతా తిండి మానేయడం వాటాయే ఎక్కువని నాకనిపిస్తుంది.

ఆ కొబ్బరినూనె సంగతీ చూద్దాం. 70 గ్రాములంటే 630 క్యాలరీలు. అందులో గట్టికొవ్వు, అంటే సంతృప్త కొవ్వు, దాదాపు 60 గ్రాములు. రోజుకు 2000 క్యాలరీలు తినే మనిషికి ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసిన గీత 22 గ్రాములు. 2022లో స్టాన్‌ఫర్డ్‌లోనే కీటోను మధ్యధరా దేశాల తిండితో పోలిస్తే, షుగర్ రెండింటిలోనూ ఇంచుమించు ఒకేలా తగ్గింది. చెడు కొలెస్ట్రాల్ కీటోలో 10 శాతం పెరిగింది, రెండోదానిలో 5 శాతం తగ్గింది. గుండెపోటు మిగతా దేశాలకన్నా చిన్నవయసులోనే వచ్చే జాతి మనది. పక్క చేలో పల్లి పండుతుంటే, నెలకు మనిషికి రెండు కిలోలకు పైగా కొబ్బరినూనె కొనుక్కుని తాగడం ఖర్చుపరంగానూ గుండెపరంగానూ దండగ.

అసలు ప్రమాదం గోలీల దగ్గర

"సారూ, అన్నం మానేసిన. మరి గోలీలు కూడా మానెయ్యొచ్చునా?" పల్లెల్లో కీటో గురించి అడిగే ప్రశ్నల్లో ప్రాణం మీదికొచ్చేది ఇదొక్కటే. దీనికి ఒక్క మాటలో జవాబు లేదు, ఎందుకంటే అందరూ వేసుకునేది ఒకటే గోలీ కాదు.

గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర క్లోమాన్ని పిండి ఇన్సులిన్ తీస్తుంది. అన్నం మానేసి ఆ మాత్ర అదే మోతాదులో వేసుకుంటే షుగర్ పడిపోయి, చెమటలు పట్టి, మనిషి స్పృహ తప్పుతాడు. ఇన్సులిన్ సూది సంగతీ అంతే. ఇక్కడ మోతాదు తగ్గించాలి, అదీ మొదటి రోజు నుంచే. బీపీ మాత్రలు ఇంకో చిక్కు. కీటో మొదటి వారాల్లో ఉప్పు, నీళ్లు మూత్రంలో పోతాయి, బీపీ దానంతటదే దిగుతుంది. పాలమూరు ఎండలో చేనుకు పోయే మనిషి ఆ పైన పాత మోతాదు మాత్ర వేసుకుంటే గట్టు మీదే కూలబడతాడు.

అన్నిటికన్నా మోసకారి డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం. ఇవి చక్కెరను మూత్రంలోకి తోసేస్తాయి. గుండెకు, కిడ్నీకి మేలు చేసే మంచి మందులే. డాపాగ్లిఫ్లోజిన్ పేటెంటు 2020లో తీరిపోయి ధర తగ్గింది కాబట్టి ఇప్పుడు చిన్న ఊళ్లలోనూ బాగా రాస్తున్నారు. ఈ మాత్ర వేసుకుంటూ కీటో చేస్తే రక్తంలో కీటోన్లు హద్దు దాటి రక్తం ఆమ్లంగా మారవచ్చు. అప్పుడు కూడా గ్లూకోమీటర్‌లో షుగర్ మామూలుగానే, 180, 200 దగ్గర కనిపించవచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే 'కీటో మొదట్లో ఇట్లనే ఉంటది, నిమ్మకాయ నీళ్లు తాగు' అనే సలహా దొరుకుతుంది. ఆ సలహా విన్నవాడికి ఐసీయూనే గతి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ మందుల మీద ఈ హెచ్చరికను 2015లోనే చేసింది.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, టైప్-1 వారు, కిడ్నీ, కాలేయం దెబ్బతిన్నవారు, క్లోమం వాచినవారు ఈ జోలికి పోకూడదు.

జొన్నరొట్టె ఏ పార్టీ?

తెలుగువాళ్లకు తిండి గురువులకు కొదవ లేదు. రామకృష్ణ ధాన్యమే వద్దన్నారు. ప్రొద్దుటూరులో పుట్టి మైసూరులో స్థిరపడి, 2023లో పద్మశ్రీ అందుకున్న ఖాదర్ వలి కొర్రలు, అరికలు, సామలు, ఊదలు, అండుకొర్రలు తప్ప వేరే ధాన్యం వద్దన్నారు. వీళ్లిద్దరికన్నా ముందు నుంచే మంతెన సత్యనారాయణరాజు ఉప్పూ నూనే లేని వంట చెబుతున్నారు. ఒకే ఇంట్లో అత్త కొర్రలు, కొడుకు నూనె, కోడలు పచ్చికూరలు పట్టుకుంటే పొయ్యి మీద ఎన్ని గిన్నెలెక్కాలి?

ఈ ముగ్గురి సిద్ధాంతాలు ఒకదానికొకటి పొసగవు. కీటో లెక్కన కొర్రన్నం కూడా పిండే. సిరిధాన్యాల లెక్కన కొబ్బరినూనె మీద బతకడం బతుకే కాదు. అయినా ముగ్గురి దగ్గరికీ పోయినవారిలో కొందరికి షుగర్ తగ్గింది. కారణం, ముగ్గురూ పళ్లెంలోంచి తీసేసినవి ఒకటే: గుట్టలా వడ్డించుకునే తెల్లన్నం, చక్కెర చాయ్, మైదా, బేకరీ సరుకు, కూల్‌డ్రింకు. పెట్టినదాని కన్నా తీసేసినదే ఎక్కువ పనిచేసింది. జొన్నరొట్టె తింటే షుగర్ రాదని ధీమాగా ఉండేవారికీ ఇదే మాట. జొన్నలో పీచు బియ్యం కన్నా మూడు నాలుగు రెట్లు ఎక్కువ, అందుకే మెల్లగా అరుగుతుంది, మంచిదే. అయితే నాలుగు రొట్టెల్లో పిండి నాలుగు రొట్టెలంతే ఉంటుంది.

పాలమూరు పళ్లెంలో అన్నం ఒకప్పుడు ఇంత లేదు. జొన్నరొట్టె, గటక, తైదంబలి నడిచిన నేల ఇది. బియ్యం పండగనాటి తిండి. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చాక, ఆ తర్వాత కల్వకుర్తి ఎత్తిపోతల, భీమా నీళ్లు కాలువల్లోకి వచ్చి వరి పెరిగాక, మూడు పూటలా అన్నం అందింది. దాన్ని తప్పుపట్టే అర్హత కడుపు నిండినవారికి లేదు. బొంబాయికి వలసపోయి గడిపిన కుటుంబానికి సొంతూళ్లో వేడన్నం ఒక గౌరవం. కాకపోతే నాగలి పోయి ట్రాక్టరొచ్చింది, కొడవలి పోయి హార్వెస్టరొచ్చింది. ఒళ్లు చేసే పని తగ్గింది, పళ్లెంలో గుట్ట తగ్గలేదు. 2025లో వచ్చిన ఇండియాబ్ పరిశోధన దేశంలో సగటు మనిషి క్యాలరీల్లో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయని చెప్పింది. మాంసకృత్తులు 12 శాతమే.

మరోపక్క 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. 30 శాతం మంది అధిక బరువున్నారు. ఒకే గడపలో ఈ రెండూ ఉంటాయి. అందరికీ కలిపి ఒక డైట్ పేరు చెప్పేవారిని నమ్మకపోవడానికి ఈ రెండంకెలు చాలు.

మన హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో బెరిబెరి జబ్బును పరిశోధించడానికి మొదలై, 1958లో ఇక్కడికొచ్చింది. యూట్యూబ్ గురువులంత గిరాకీ దానికి లేకపోవడం మన దురదృష్టం. 2024లో అది విడుదల చేసిన మార్గదర్శకాలు చెప్పేది ఇంతే: ధాన్యాల నుంచి 45 శాతం క్యాలరీలు మించొద్దు, పప్పులు, గుడ్డు, మాంసం నుంచి 15 శాతం దాకా రావాలి, మిగతాది కూరగాయలు, పండ్లు, పాలు, గింజల నుంచి. కీటో కాదు, మామూలుగా తినే తిండీ కాదు. మద్రాసు షుగర్ పరిశోధకుల లెక్క కూడా పిండిని సగం దగ్గరికి దించితే కొత్తగా షుగర్ వచ్చినవారికి మేలంటోంది.

పాన్‌గల్‌లో దీన్ని చేయడానికి కొత్త సరుకేమీ కొననక్కర్లేదు. వంద గ్రాముల పల్లీల్లో దాదాపు 24 గ్రాముల మాంసకృత్తులు, 40 గ్రాముల కొవ్వు ఉంటాయి, పిండి తక్కువ. బూజు పట్టనివి చూసుకుని రోజుకు ఒక గుప్పెడు. అంతకు మించితే అదీ బరువే. రెండు గరిటెల అన్నం తీసేసి ఆ చోట పప్పు, తోటకూర, గోంగూర, గుడ్డు. రాత్రికి ఒక జొన్నరొట్టె, గిన్నెడు కూర. ఇది వినడానికి చప్పగా ఉంటుంది, వీడియో తీస్తే ఎవరూ చూడరు.

బాగా బరువుండి, షుగర్ కొత్తగా వచ్చి, కీటోనే చేయాలన్న పట్టుదల ఉంటే చేయండి. కొన్ని నెలలకే, డాక్టరు చేతి కింద. మొదలుపెట్టే ముందు కిడ్నీ, కాలేయం, కొలెస్ట్రాల్ పరీక్షలు చేయించుకోండి. మీరు వేసుకునే ప్రతి మాత్ర అట్టా తీసుకెళ్లి చూపించండి. 2022 నవంబరులో వనపర్తిలో, నాగర్‌కర్నూలులో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. అంత దాకా పోకుండానే మీ ఊరి ఆశా కార్యకర్తను అడిగినా దారి చూపిస్తుంది. డాక్టర్లకూ ఒక మాట: 'అవన్నీ నమ్మొద్దు' అని కసిరి పంపితే రోగి నేరుగా ఫోన్ దగ్గరికే పోతాడు. ఏం తింటున్నాడో అడిగి, మందు సరిచేయండి.

సర్కారును అడగాల్సింది ఒకటుంది. రేషన్ షాపులో మనిషికి ఆరు కిలోల బియ్యం వస్తోంది. 2025 నుంచి అవి సన్నబియ్యం అయ్యాయి, సంతోషం. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో 'అమ్మహస్తం' పేరుతో 185 రూపాయలకు ఇచ్చిన తొమ్మిది సరుకుల్లో కందిపప్పు కూడా ఉండేది. పాలమూరులో కందీ పండుతుంది, పల్లీ పండుతుంది. బియ్యంలో ఒక కిలో తగ్గించైనా సరే, కార్డుకు నెలకు రెండు కిలోల కందిపప్పు, ఒక కిలో పల్లీలు ఇవ్వాలి.